గాలికి నాలుక

గాలి కంటికి కనిపించదు. ఆకు కదిలితేనో, దుమ్ము లేస్తేనో, ఆరవేసిన చీర ఊగితేనో గాలి వచ్చిందని తెలుస్తుంది. అయినా కనిపించని ఈ గాలికి తెలుగువారు పెట్టుకున్న పేర్లు తక్కువేమీ కావు. మెల్లగా వచ్చి ఒంటిని తాకేది పిల్లగాలి. మరికాస్త హాయిగొలిపేది తెమ్మెర. ఎండాకాలంలో ముఖం మీద నిప్పు చల్లినట్లు కొట్టేది వడగాలి. వానను వెంటబెట్టుకొని విసిరికొట్టేది ఈదురుగాలి. ఉన్నచోటనే గిరగిర తిరుగుతూ దుమ్మును పైకెత్తేది సుడిగాలి. చెవులు మారుమోగేటట్లు వీచేది హోరుగాలి. ఈ పేర్లు ఊరికే పుట్టలేదు. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే రైతు, తెరచాప ఎత్తే పడవవాడు, ఆరుబయట మంచం వేసుకొని పడుకునే గృహస్థు ప్రతిరోజూ గాలిని గమనించారు కనుక పుట్టాయి.

నేడు ఈ మాటలు చాలామందికి పుస్తకాలలోనే ఎదురవుతున్నాయి. ఫ్యాను గాలికి పేర్లు అక్కరలేదు. ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు చాలు. కిటికీలు మూసిన గదిలో పెరిగే పిల్లవాడికి ఈదురుగాలికీ హోరుగాలికీ తేడా తెలియకపోతే అది అతని తప్పు కాదు. తెలుగునాటికి వెలుపల తరతరాలుగా స్థిరపడిన కుటుంబాల పిల్లలకు ఈ నష్టం మరికొంత ఎక్కువ. వీధిలోకి వెళితే కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో వినిపిస్తుంది. తెలుగు మాటను ఇల్లు, బడి నిలపాలి. మాట నిలవాలంటే దాని వెనుక ఒక అనుభవం ఉండాలి. ఎన్నడూ వినని గాలికి పేరు ఎంతకాలం గుర్తుంటుంది?

గాలిని మళ్లీ వినడం నేర్పే చిన్న సాధనం ఒకటి ఉంది. అదే గాలిగంట. చూరుకో, కిటికీకో, చెట్టు కొమ్మకో వేలాడగట్టిన కొన్ని గొట్టాలు, వాటి నడుమ ఒక చెక్కముక్క, దాని కింద గాలిని పట్టే ఒక రేకు, ఇంతకుమించి అందులో ఏమీ లేదు. గాలి రేకును కదిలిస్తుంది. రేకు చెక్కను లాగుతుంది. చెక్క గొట్టాలకు తగిలి వాటిని మోగిస్తుంది. గంట లోపల వేలాడుతూ గంటను మోగించే భాగాన్ని తెలుగులో నాలుక అంటారు. ఆ లెక్కన గాలిగంట గాలికి అమర్చిన నాలుక అన్నమాట.

ఈ వస్తువు నేడు బజారులో దొరుకుతుంది. చాలా ఇళ్లలో గుమ్మం ముందు కనిపిస్తుంది కూడా. కాని కొన్నవారిలో ఎందరు దానిని వింటున్నారు? దుకాణదారు దానిని సంగీత సాధనంగా అమ్మడం అరుదు. అదృష్టం తెచ్చే వస్తువుగా అమ్ముతాడు. ఇన్ని గొట్టాలుంటే ధనం వస్తుందని, ఈ దిక్కున కడితే కీడు తొలగుతుందని చెబుతాడు. కొన్నవారు చెప్పిన దిక్కున కట్టి, ఆ తరువాత మరచిపోతారు. గాలి రాని మూలన కట్టిన గంట ఏళ్ల తరబడి మూగగా వేలాడుతుంది. గొట్టాల సంఖ్యకూ ఇంటి ఆదాయానికీ సంబంధం ఉందనడానికి ఆధారం ఏమీ లేదు. గాలిగంట తెచ్చేది ధనం కాదు, వినికిడి. ఆ వినికిడి పూర్తిగా దక్కాలంటే దానిని కొనడం కంటె చేయడం మేలు.

చేయడానికి కావలసిన వస్తువులు ఖరీదైనవి కావు. పాత ఇనుప సామాన్ల కొట్టులో తెరలు వేలాడదీసే గొట్టమో, కరెంటు తీగలు దూర్చే ఇనుప గొట్టమో దొరుకుతుంది. సుమారు రెండు సెంటీమీటర్ల లావు, రెండు మీటర్ల పొడవు ఉన్న ఒక్క గొట్టం చాలు. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, అది ఖంగుమనదు. గొట్టం కోయడానికి ఇనుము కోసే రంపం, అంచులు నునుపు చేయడానికి ఆకురాయి, కట్టడానికి గట్టి నైలాను దారం, నాలుకగా ఒక గుండ్రని చెక్కముక్క లేదా అరగదీసిన కొబ్బరి చిప్ప ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

మొదట తేల్చుకోవలసినది ఏ గొట్టం ఎంత పొడవు ఉండాలన్నది. ఇక్కడే అసలు పాఠం ఉంది. వీణ తీగను సగానికి నొక్కి మీటితే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది; కింది షడ్జం పై షడ్జం అవుతుంది. గొట్టం అలా కాదు. అదే లావు గొట్టాన్ని సగానికి కోస్తే దాని కంపనాల సంఖ్య రెండింతలు కాక నాలుగింతలు అవుతుంది. స్వరం రెండు స్థాయులు పైకి పోతుంది. కంపనాలు పొడవు వర్గానికి విలోమంగా ఉండడమే దీనికి కారణం. కాబట్టి 40 సెంటీమీటర్ల గొట్టం షడ్జం పలికితే, పై షడ్జానికి 20 సెంటీమీటర్లు కాక 28.3 సెంటీమీటర్లు ఉండాలి. గణిత పుస్తకంలో వర్గమూలం ఎందుకు నేర్పుతున్నారో తెలియక విసుక్కున్న విద్యార్థికి ఇక్కడ దాని అవసరం చేతికి తగులుతుంది.

తరువాత ఏ స్వరాలు ఎంచుకోవాలన్న ప్రశ్న వస్తుంది. గాయకుడు పాడేటప్పుడు ఏ స్వరం తరువాత ఏది రావాలో నిర్ణయించుకుంటాడు. గాలికి అటువంటి నిర్ణయం ఉండదు. అది ఏ గొట్టాన్ని ముందు మోగిస్తుందో, ఏ రెండింటిని కలిపి మోగిస్తుందో చెప్పలేము. అందువల్ల ఏ రెండు కలిసినా చెవికి ఇంపుగా ఉండే స్వరాలనే ఎంచుకోవాలి. ఇందుకు మోహన రాగం చక్కగా సరిపోతుంది. అందులో స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాలే ఉంటాయి. మ, ని ఉండవు. పక్కపక్కన రాసుకొని కరకరలాడే స్వరాలు లేకపోవడం వల్ల ఏ వరుసలో మోగినా అపశ్రుతి అనిపించదు. మహారాష్ట్రలో, ఉత్తర కర్ణాటకలో చదివే పిల్లలు ఇవే స్వరాలను భూప్ రాగం అన్న పేరుతో విని ఉంటారు. స్వరాలు అవే, పేరు వేరు.

షడ్జానికి 40 సెంటీమీటర్లు తీసుకుంటే రిషభానికి 37.7, గాంధారానికి 35.8, పంచమానికి 32.7, దైవతానికి 31 సెంటీమీటర్లు ఉండాలి. అన్నీ కలిపితే 177.2 సెంటీమీటర్లు, రెండు మీటర్ల గొట్టంలో ఐదూ వస్తాయి. 40 సెంటీమీటర్ల గొట్టం ఏ శ్రుతిలో పలికినా దానినే షడ్జంగా భావించుకోవాలి. ఒక్కొక్క కొలతకు మధ్య తేడా రెండు మూడు సెంటీమీటర్లే కావడం గమనించదగినది. అర సెంటీమీటరు పొట్టిగా కోసినా స్వరం పక్క స్వరస్థానం వైపు దాదాపు సగం దూరం జరిగిపోతుంది. అందువల్ల కొలత కంటె రెండు మిల్లీమీటర్లు ఎక్కువగా కోసి, మోగించి వింటూ, ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీయాలి. ఎక్కువ ఉన్నదానిని తగ్గించవచ్చు, తగ్గిపోయినదానిని పెంచలేము.

ఇక కట్టడం. చాలామంది గొట్టం చివర రంధ్రం చేసి వేలాడదీస్తారు. అప్పుడు మోత టక్కున ఆగిపోతుంది. గొట్టం మోగేటప్పుడు దాని రెండు కొనలు, నడిమి భాగం బాగా కంపిస్తాయి. వాటి మధ్య రెండు చోట్ల కంపనం దాదాపు ఉండదు. ఆ చోటు కొన నుంచి మొత్తం పొడవులో నూటికి 22.4 వంతుల దూరంలో ఉంటుంది. 40 సెంటీమీటర్ల గొట్టానికి ఇది సుమారు 9 సెంటీమీటర్లు, 31 సెంటీమీటర్ల గొట్టానికి సుమారు 7 సెంటీమీటర్లు. దీనిని నమ్మడానికి పుస్తకం అక్కరలేదు. గొట్టాన్ని ఆ చోట రెండు వేళ్లతో తేలికగా పట్టుకొని చెంచాతో నడుమ కొడితే మోత చాలాసేపు నిలుస్తుంది. నడుమ పట్టుకొని కొడితే మొద్దుగా టక్కుమని ఊరుకుంటుంది. రంధ్రాన్ని మోత నిలిచే చోటనే చేయాలి. గొట్టాల నడిమి భాగాలన్నీ ఒకే ఎత్తులో ఉండేటట్లు వాటిని గుండ్రంగా వేలాడగట్టి, సరిగా ఆ ఎత్తున నాలుకను అమర్చాలి. నాలుకకూ గొట్టాలకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఎడం ఉండాలి. నాలుక కింద పోస్టుకార్డంత పలుచని రేకు కడితే చిన్న గాలికి కూడా కదులుతుంది. జపానులో వేసవికాలంలో కిటికీ దగ్గర ఫూరిన్ అనే చిన్న గంటను కట్టి, దాని నాలుకకు ఒక కాగితపు చీటీని వేలాడదీస్తారు. గాలిని పట్టేది ఆ చీటీయే.

ఇంత శ్రమ దేనికి, బజారులో ఇంతకంటె అందమైనది దొరుకుతుంది కదా అని అడిగేవారు ఉంటారు. నిజమే. మొదటిసారి చేసిన గంట కంటె కొన్న గంట నునుపుగా ఉండవచ్చు, శ్రావ్యంగా కూడా ఉండవచ్చు. కాని కొన్నవాడికి అది ఎందుకు మోగుతున్నదో తెలియదు, చేసినవాడికి తెలుసు. కొన్న గంట పలకకపోతే అటక మీదికి పోతుంది. చేసిన గంట పలకకపోతే చేసినవాడు దారం విప్పి, ఎత్తు మార్చి, రేకు పెంచి మళ్లీ కడతాడు. తప్పు ఎక్కడ జరిగిందో వెతికి సరిదిద్దుకునే ఈ అలవాటు ఏ దుకాణంలోనూ దొరకదు. మొబైలు ఫోనులో కూడా గాలిగంటల చప్పుడు వినవచ్చునని మరికొందరు అంటారు. ఆ చప్పుడు మధురమైనదే. అయితే అది ఎప్పుడో ఎక్కడో వీచిన గాలిది. ఈ రోజు, ఈ గుమ్మం ముందు వీస్తున్న గాలిని గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

చేతిపని చదువుకు అడ్డం అనే అభిప్రాయం మన బడులలో ఇంకా పోలేదు. పరీక్షలు దగ్గర పడుతుంటే గొట్టాలు కోస్తూ కూర్చోవడమా అని తల్లిదండ్రులు అనుకోవడం సహజం. మహారాష్ట్రలోని వార్ధాలో 1937 అక్టోబరులో జరిగిన విద్యా మహాసభలో గాంధీజీ ఈ ప్రశ్ననే తిరగవేశారు. చేతిపనిని చదువు పక్కన ఒక అదనపు వస్తువుగా ఉంచడం ఆయన ఉద్దేశం కాదు. చేతిపని ద్వారానే లెక్కలు, శాస్త్రం, భాష నేర్పాలన్నది ఆయన భావం. ఆ పథకం దేశమంతటా ఆయన కోరినట్లు వేళ్లూనలేదు. అయినా అందులోని సత్యం చెడలేదు. ఒక్క గాలిగంట చేయడంలో కొలత ఉంది, వర్గమూలం ఉంది, కంపనం ఉంది, రాగం ఉంది. చేసిన విధానాన్ని వరుసగా రాయమంటే మంచి తెలుగు వ్యాసం కూడా వస్తుంది. వారానికి ఒక పీరియడు చొప్పున నాలుగు వారాలు కేటాయిస్తే పని పూర్తవుతుంది. ఆ నాలుగు పీరియడ్లు పోగొట్టుకున్నవి కావు.

రంపం పట్టేటప్పుడు పెద్దలు ఎవరైనా పక్కన ఉండాలి. కోసిన అంచులను ఆకురాయితో నునుపు చేయకుండా చేతితో తాకరాదు. గాజు ముక్కలతో గంటలు చేయడం విద్యార్థులకు తగదు. రంపం వాడడానికి వీలులేని చోట వెదురు ముక్కలతోను, సముద్ర తీరంలో గవ్వలు, ఆలిచిప్పలతోను చేసుకోవచ్చు. వాటి మోత ఇనుపగొట్టం మోతలా సాగదు. తక్కువసేపు, మెత్తగా వినిపిస్తుంది. అదీ వినదగినదే.

గాలిగంటపై వచ్చే అభ్యంతరాలలో అన్నిటికంటె న్యాయమైనది పొరుగువారిది. కట్టినవాడికి సంగీతమైనది పక్కింటివాడికి రభస కావచ్చు. రాత్రి పనికి వెళ్లి పగలు నిద్రపోయేవారు, జబ్బుపడి పడుకున్నవారు, పరీక్షలకు చదువుకునేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది గంటల నుంచి ఉదయం ఆరు గంటల వరకు రాత్రి వేళగా నిర్ణయించి, నివాస ప్రాంతాలలో ఆ వేళ శబ్దం 45 డెసిబెళ్లకు మించరాదని చెప్పాయి. ఆ నియమాలు గాలిగంటను దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. అయినా పొరుగువాడి నిద్రకు విలువ ఉందన్న వాటి సారాంశం గాలిగంటకు కూడా వర్తిస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు నాలుకను ఒక దారంతో పక్కకు కట్టివేయడం అరనిమిషం పని. పక్కింటివారు వద్దంటే గంటను పెరటిలోకి మార్చాలి; అక్కడా ఇబ్బంది అయితే దించివేయాలి. వినడం నేర్పవలసిన వస్తువు ఎదుటివారి మాట వినకుండా చేస్తే దాని ప్రయోజనమే పోతుంది.

గాలి ఎల్లప్పుడూ ఆటవస్తువు కాదని కూడా గుర్తుంచుకోవాలి. 1996 నవంబరులో యానాం, కోనసీమ ప్రాంతాలను, 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫానులో గంజాం జిల్లాను గాలి ఎలా కుదిపివేసిందో అక్కడి పెద్దలు చెప్పగలరు. గాలిగంట తుఫానును ముందుగా చెప్పే సాధనం కాదు. వాతావరణ శాఖ హెచ్చరిక వినగానే దానిని దించి ఇంటిలో పెట్టాలి. తెగిపడి ఎగిరే ఇనుపగొట్టం మనిషిని గాయపరుస్తుంది.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకొని కట్టిన గంట ఏడాది పొడవునా ఒక నేస్తంలా ఉంటుంది. యానాంలోను, గోపాలపురం తీరాన ఉన్న ఊళ్లలోను మధ్యాహ్నం సముద్రం మీది గాలి నేల వైపు తిరుగుతుంది. అప్పుడు గంట ఒక పద్ధతిగా మోగుతుంది. రాత్రికి నేల చల్లబడి గాలి సముద్రం వైపు మళ్లుతుంది. అప్పటి మోత వేరు. బళ్లారి రాతికొండల నడుమ ఏప్రిల్ మధ్యాహ్నం వడగాలికి గంట ఆగి ఆగి గలగలమంటుంది. షోలాపూరులో మరమగ్గాల చప్పుడు ఆగిన కాసేపటిలోనే అది వినిపిస్తుంది. హోసూరులో నైరుతి మేఘాలు కమ్ముకొనే రోజులలో దానికి విశ్రాంతి తక్కువ. వారం రోజులపాటు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గంట మోగిన తీరును ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకునే విద్యార్థికి తన ఊరి గాలి వరుస తెలిసిపోతుంది.

అలా రాయడానికి కూర్చున్నప్పుడు అతనికి మాటలు కావలసివస్తాయి. ‘గాలి వచ్చింది’ అని ప్రతి పూటా రాయడం విసుగు పుట్టిస్తుంది. ఈ పూట వచ్చినది పిల్లగాలియా, ఈదురుగాలియా అని ఆలోచిస్తాడు. ఇంటిలో అమ్మమ్మనో తాతయ్యనో అడుగుతాడు. వారు తమ చిన్ననాటి మాట ఒకటి చెబుతారు. అది ఈ పాఠంలో లేని మాట కావచ్చు. ఆ ఊరి తెలుగులో మాత్రమే మిగిలిన మాట కూడా కావచ్చు. దానిని నోటు పుస్తకంలో రాసుకున్న రోజున గాలిగంట తన పని పూర్తిగా చేసినట్లే.